శనివారం రాత్రి గోదాములో

చెల్లీ, నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. మీవాడు తలుపేసుకుని వినే ఆ దరువుకి ఇల్లంతా అదురుతోందనీ, పావుగంట గడిచినా పాట ఉన్నచోటే ఉంటుందనీ, దీని కోసం జనం రాత్రంతా ఎలా నిలబడతారనీ అడిగావు. నాకు సంగీత శాస్త్రం తెలీదు. కానీ నువ్వు తిట్టుకుంటున్న ఆ హౌస్ సంగీతం పుట్టింది నేనుంటున్న షికాగోలోనే. అప్పట్లో పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఇప్పుడు అరవైకి అటూ ఇటూగా మా ఆఫీసులో, మా లైబ్రరీలో, మా డాక్టరు దగ్గర వరసలో కనపడుతూనే ఉంటారు. కదిపితే చాలు, ఆగరు. అవి వినీ వినీ, ఆ మీదట కాస్త చదివీ, నాకూ కొంత ఒంటబట్టింది. కాఫీ కలుపుకుని కూర్చో, ఇది రెండు ముక్కల్లో తేలేది కాదు.

నేను గమనించిన సంగతి ముందే చెప్పేస్తాను. ఆ పాత అభిమానులు డీజేల గొప్పతో మొదలుపెడతారు. రెండు నిమిషాలు తిరక్కుండానే గుమ్మం దగ్గరికి వచ్చేస్తారు. తమను లోపలికి ఎవరు రానిచ్చారు, ఎవరితో వెళ్లారు, పళ్లరసం ఎక్కడ పెట్టేవారు, తెల్లారాక ఏ బస్సెక్కి ఇంటికొచ్చారు. పాట పేరు మర్చిపోతారు గానీ, తమను ఎవరూ ఆపలేదన్నది మాత్రం మర్చిపోరు. అదెందుకో తెలియాలంటే గోదాము కథ చెప్పాలి.

1977లో మాట. షికాగో డౌన్‌టౌన్‌కి పడమటి పక్క, ఫ్యాక్టరీలూ సరుకు గదులూ ఉన్న పేటలో, 206 సౌత్ జెఫర్సన్ స్ట్రీట్‌లో ఒక మూడంతస్తుల కట్టడం. న్యూయార్క్ నుంచి వచ్చిన రాబర్ట్ విలియమ్స్ అనే ఆయన అక్కడ డాన్సు క్లబ్బు పెట్టాడు. జనం దాన్ని వేర్‌హౌస్, అంటే గోదాము, అన్నారు. పాటలు వేయడానికి ఆయన ముందు పిలిచింది లారీ లెవాన్‌ని. లారీ న్యూయార్క్ వదిలి రానన్నాడు. అప్పుడు లారీ చిన్ననాటి స్నేహితుడు ఫ్రాంకీ నకల్స్ వచ్చాడు. బ్రాంక్స్ కుర్రాడు, వయసు 22. పరాయి ఊరు, కొత్త ఉద్యోగం. తర్వాత ఆ ఊరు అతన్ని తన బిడ్డే అనుకుంది, అది వేరే సంగతి.

అక్కడికి వచ్చేవాళ్లు ఎవరనుకున్నావు? ఎక్కువమంది నల్లజాతి కుర్రాళ్లు, లాటినో కుర్రాళ్లు, వాళ్లలోనూ చాలామంది గే. ఇంట్లో చెప్పుకోలేరు, చర్చిలో చెప్పుకోలేరు. తెల్లవాళ్లు వెళ్లే క్లబ్బుల గుమ్మం దగ్గర వీళ్లను ఆపి ఒకటికి రెండు గుర్తింపు కార్డులు అడిగి, ఏదో వంక పెట్టి వెనక్కి పంపేవారట. వేర్‌హౌస్‌లో అదేమీ లేదు. శనివారం అర్ధరాత్రి మొదలైతే ఆదివారం మధ్యాహ్నం దాకా ఆట. మందు అమ్మరు. బేస్‌మెంట్‌లో పళ్లరసం, నీళ్లు, చిరుతిళ్లు పెట్టేవారు. అలిసిపోతే పైకెళ్లి కూర్చోవచ్చు. ఆ చోటు తమవాళ్లకు చర్చిలాంటిదని ఫ్రాంకీయే చెప్పేవాడు. అసలు చర్చి గుమ్మం తమకు మూసుకుపోయిందన్న సంగతి అందరికీ తెలుసు కదా, అందుకే ఆ మాట అంత బరువుగా నిలిచిపోయింది.

ఫ్రాంకీ గురించి అభిమానులు తప్పకుండా చెప్పే ముచ్చట ఒకటుంది. నడిరాత్రి దాటాక దీపాలన్నీ ఒక్కసారిగా ఆర్పేసేవాడట. చిమ్మచీకటి. అందులోంచి రైలు వస్తున్న చప్పుడు. స్పీకర్లలో ఒక మూల నుంచి ఇంకో మూలకి పోయేలా పెట్టేవాడు కాబట్టి నిజంగానే రైలు మీదికి వచ్చేస్తున్నట్టు ఉండేదట. జనం కేకలు. అంతలో దీపాలు, పాట. ఇది చెప్పేటప్పుడు అరవై ఏళ్ల మనిషి కూడా కుర్చీలోంచి సగం లేచిపోతాడు.

మరి ఇతను చేసిన కొత్త పనేమిటి, పాటలు వేయడమేగా అంటావు. ఆ రోజుల్లో రేడియోలో వచ్చే డిస్కో పాట మూడు, నాలుగు నిమిషాల్లో అయిపోయేది. ఫ్రాంకీ టేపును బ్లేడుతో కోసి, జనానికి నచ్చిన దరువును మళ్లీ మళ్లీ అతికించి, పాటను సాగదీసేవాడు. ఒక పాట ఎక్కడ ఆగిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో కాళ్లకు తెలియకూడదు. మన ఊళ్లో రామనవమి పందిట్లో హరిదాసు గుర్తున్నాడా? జనం కళ్లు మూతలు పడుతున్నాయని చూడగానే ఒక పిట్టకథ వదిలి, నవ్వించి, మళ్లీ అసలు కథలోకి లాక్కొచ్చేవాడు. కథ అందరికీ తెలిసిందే, అయినా తెల్లవారుజాము దాకా కదలనిచ్చేవాడు కాదు. డీజే పనీ అదే. చేతిలో ఉన్న రికార్డుల కంటే ఎదురుగా ఉన్న మనుషుల్ని చదవడం ముఖ్యం. మీవాడు గదిలో ఒంటరిగా వింటే నీకు పాట నడవనట్టు ఉంటుంది, నిజమే. అది గదిలో వినడానికి చేసింది కాదు.

హౌస్ అన్న పేరు ఆ వేర్‌హౌస్ నుంచే వచ్చిందంటారు. ఇంపోర్టెస్ ఎట్‌సెటెరా అనే రికార్డుల కొట్టులో కుర్రాళ్లు వచ్చి, గోదాములో వేసే పాటలు కావాలని అడిగేవారట. కొట్టువాళ్లు ఆ రికార్డులకు వేర్‌హౌస్ పేరున్న చీటీ అంటించి విడిగా పెట్టేవారు. చీటీ మీద పేరు వాడుకలో చిన్నదైపోయింది. ఇంకో కథ కూడా ఉందిలే. దాని మీద వీళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు, మనకెందుకు.

ఇప్పుడొక చేదు సంగతి. 1979 జులై 12. షికాగోలో కోమిస్కీ పార్క్ అనే బేస్‌బాల్ మైదానం. స్టీవ్ డాల్ అనే రాక్ రేడియో కుర్రాడు, డిస్కో రికార్డు ఒకటి తెచ్చినవాళ్లకు 98 సెంట్లకే టికెట్టు అని ప్రకటించాడు. రెండు ఆటల మధ్య విరామంలో ఆ రికార్డులన్నీ పెట్టెలో పోసి మైదానం నడుమ పేల్చేశారు. వేలమంది జనం మైదానంలోకి దూకి చిందులేశారు. నేల ఎంత పాడైందంటే, రెండో ఆట ఆడలేక షికాగో జట్టు ఓడినట్టే లెక్క వేశారు. ఆ రోజు అక్కడ జనానికి సీట్లు చూపించే పనిలో ఉన్న నల్లజాతి కుర్రాడు విన్స్ లారెన్స్. వాళ్లు తెచ్చిన రికార్డులు చూస్తే డిస్కోవి మాత్రమే కావు, నల్లవాళ్లు పాడిన సోల్, ఆర్ అండ్ బీ పాటలు కూడా ఉన్నాయని ఆయన తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. డిస్కో నచ్చకపోతే రేడియో ఆపుకుంటారు, అంతేగా? రికార్డుల్ని పేల్చి ఊరేగడం ఎవరి మీద కోపం? నాకైతే ఆ రాత్రి వీడియో చూస్తే ఇప్పటికీ కడుపులో ఏదోలా ఉంటుంది. ఆ విన్స్ లారెన్సే ఐదేళ్ల తర్వాత, 1984లో, జెస్సీ సాండర్స్‌తో కలిసి "ఆన్ అండ్ ఆన్" చేశాడు. హౌస్ సంగీతంలో మొదటి రికార్డు అని చాలామంది లెక్కపెట్టేది దాన్నే.

దాని వెనకా ఒక కబురుంది. జెస్సీ ప్లేగ్రౌండ్ అనే క్లబ్బులో డీజే. అతను రోజూ వేసే ఒక రికార్డును ఎవరో ఎత్తుకుపోయారు. అది లేకపోతే ఆట మొదలవదు. దాంతో అలాంటిదే ఇంట్లో తనే తయారుచేసుకున్నాడు. అది అంత గొప్పగా ఏమీ లేదని తోటివాళ్లు ఇప్పటికీ మొహం మీదే అంటారు. కానీ అదే మేలు చేసింది. ఈ మాత్రం మనమూ చేయలేమా అని ఊళ్లో కుర్రాళ్లందరూ సెకండ్‌హ్యాండ్ యంత్రాల మీద పడ్డారు.

1982, 83 నాటికి వేర్‌హౌస్‌లో ప్రవేశ రుసుము పెంచారని ఫ్రాంకీకి నచ్చక, బయటికొచ్చి పవర్ ప్లాంట్ అనే సొంత క్లబ్బు పెట్టుకున్నాడు. రాబర్ట్ విలియమ్స్ ఇంకోచోట మ్యూజిక్ బాక్స్ తెరిచి రాన్ హార్డీని కూర్చోబెట్టాడు. ఇక చూడు, ఊరు రెండు వర్గాలు. ఫ్రాంకీ మనుషులు అతని నేర్పు, నాజూకు గురించి చెబుతారు. రాన్ మనుషులకు మాటలు చాలవు. గోడలు అదిరే శబ్దం, పాటను ఉండాల్సిన దానికంటే వేగంగా తిప్పడం, కొన్నిసార్లు టేపును వెనకనుంచి ముందుకి వేయడం. ఫ్యూచర్ అనే ముగ్గురు కుర్రాళ్ల బృందం తమ కొత్త టేపు తెచ్చిస్తే, ఒకే రాత్రి నాలుగుసార్లు వేశాడట. మొదటిసారి జనం అదేమిటో తెలీక ఫ్లోర్ ఖాళీ చేసి పోయారు. నాలుగోసారికి కేకలు పెడుతూ పడిపోతున్నారు. దానికి జనమే పేరు పెట్టుకున్నారు. అదే 1987లో "యాసిడ్ ట్రాక్స్" అని రికార్డుగా వచ్చి, యాసిడ్ హౌస్ అనే కొత్త దారి తెరిచింది.

ఆ పాటలో మెలికలు తిరిగే వింత శబ్దం రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే చిన్న పెట్టెది. ఒంటరిగా గిటారు సాధన చేసుకునేవాళ్లకు తోడుగా బేస్ వాయించడానికి చేశారు. అసలు పనికి అది పనికిరాలేదు, ఎవరూ కొనలేదు, కంపెనీ ఆపేసింది. అందుకే చవగ్గా దొరికింది, కుర్రాళ్లు దాని బొత్తాలు పిచ్చిగా తిప్పి చూశారు.

ఇక్కడ నీకొక తమాషా. అంతకు ఐదేళ్ల ముందే, 1982లో, మన బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అని సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే పెద్దమనిషి అదే పెట్టెను, దాంతోపాటు టీఆర్-808 డ్రమ్ము యంత్రాన్ని పెట్టుకుని పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు వేశాడు. అందులో యమన్ ఉంది, అంటే మన కల్యాణి. మాల్‌కౌంస్ ఉంది, మన హిందోళం. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలైతే ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది, ఇది యాసిడ్ హౌస్ కదా అని. ఆయనకు షికాగో సంగతే తెలీదు, వాళ్లకు ఆయన సంగతి తెలీదు. మీవాడి గది తలుపు తట్టి ఈ ముక్క చెప్పు, నీ విలువ పెరుగుతుంది.

క్లబ్బులకు వెళ్లే వయసు లేని పిల్లల సంగతేమిటంటావా? వాళ్లకు రేడియో. 1981 నుంచి డబ్ల్యూబీఎంఎక్స్ స్టేషన్‌లో హాట్ మిక్స్ ఫైవ్ అని ఐదుగురు డీజేలు శనివారం రాత్రి ఆగకుండా పాటలు కలిపి వేసేవారు. ఫార్లీ, రాల్ఫీ రొసారియో వాళ్లలో వాళ్లే. మా ఆఫీసులో ఒక పెద్దావిడ ఉండేది, సౌత్ సైడ్‌లో పుట్టి పెరిగింది, ఈ మధ్యే రిటైరైంది. శనివారం రాత్రి ఆవిడా అక్కచెల్లెళ్లూ రేడియో ముందు క్యాసెట్ పెట్టుకుని, ఎవరూ తుమ్మకుండా కూర్చునేవారట. క్యాసెట్ ఒక పక్క అయిపోయినప్పుడు తిప్పే ఆ నాలుగు సెకండ్లలో పోయిన దరువు కోసం సోమవారం స్కూల్లో ఇంకెవరి క్యాసెట్టో అడిగి తెచ్చుకునేవారు. విని నాకు మన పెద్దగది గుర్తొచ్చింది. వివిధ భారతి పెట్టుకుని, ఎర్ర బొత్తాం మీద వేలుంచి, పాట మధ్యలో నాన్నగారు దగ్గితే మనం చూసే చూపులు! ఏ ఊరైనా ఆడపిల్లలకు శనివారం రాత్రి బయటి లోకం ఆ పెట్టెలోంచే వచ్చేది.

తర్వాత కొంచెం పెద్దయ్యాక ఆవిడ మెండెల్ కాథలిక్ హైస్కూల్ జిమ్‌లో జరిగే పార్టీలకు వెళ్లేది. ఫాదర్లు నడిపే స్కూలు కాబట్టి వాళ్లమ్మ పంపేది. లోపల వందలకొద్దీ పిల్లలు, గోడల మీద చెమట కారేది. ఇస్త్రీ చొక్కా నలిగిపోకుండా ఇంకో చొక్కా సంచిలో పట్టుకెళ్లేవారట. తెల్లారి మాత్రం తప్పకుండా చర్చికి. నిద్ర ఆపుకుంటూ కోయిర్‌లో నిలబడితే, అక్కడి తంబురీన్ దరువూ రాత్రి విన్న దరువూ ఒకటేనని అనిపించేదట. చెబుతూ ఆవిడ బల్ల మీద వేళ్లతో వాయించి చూపించింది. నిజమే చెల్లీ, తేడా నాకూ తెలియలేదు.

అదే 1980ల నడుమ, ఇటు మా ఊరి శివారు అరోరాలో మనవాళ్లు బాలాజీ గుడి కట్టుకుంటున్నారు. శనాదివారాలు చందాలు, పులిహోర, పిల్లలకు తెలుగు క్లాసులు. డౌన్‌టౌన్ వైపు రాత్రిపూట వెళ్లొద్దని పిల్లలకు గట్టిగా చెప్పేవారట. ఒకే ఊళ్లో రెండు రకాల జనం, వారాంతం వస్తే తమను తమలాగా ఉండనిచ్చే చోటు వెతుక్కుంటున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. నాకూ ఇక్కడికొచ్చిన చాలా ఏళ్లదాకా తెలీదు.

పాటలు కట్టినవాళ్లు కూడా పెద్ద విద్వాంసులేం కాదు. మార్షల్ జెఫర్సన్ పోస్టాఫీసులో రాత్రి షిఫ్టు గుమాస్తా. 1986లో "మూవ్ యువర్ బాడీ" చేసినప్పుడు అందులో పాడినవాళ్లు కూడా తోటి పోస్టాఫీసు వాళ్లే. ఆ పాటలో పియానో విని అందరూ వేళ్లు ఎలా పరిగెత్తాయో అంటారు. ఆయనకు అంత వేగం రాదు. నెమ్మదిగా వాయించి, యంత్రంలో వేగం పెంచాడు. ఆయనే నవ్వుతూ చెప్పేస్తాడు. జేమీ ప్రిన్సిపల్ అనే కుర్రాడు తన ప్రియురాలి కోసం కవిత రాసుకుని దాన్నే పాట చేశాడు. "యువర్ లవ్" అని. రికార్డుగా రాకముందే ఫ్రాంకీ టేపు మీంచి వేసేవాడు. జనం దాన్ని క్యాసెట్ల మీద ఎక్కించుకుని, ఆ నకలుకి ఇంకో నకలు తీసుకుని, గీరుకుపోయిన శబ్దంతోనే ప్రేమించారు. రికార్డు వచ్చేసరికి ఊరంతటికీ నోటికొచ్చేసింది.

ఆ రికార్డుల నాణ్యత గురించి అడిగితే అభిమానులు నవ్వేస్తారు. ట్రాక్స్ అనే కంపెనీ పాత రికార్డుల్ని కరిగించి కొత్తవి అచ్చు వేసేది. పాటలో చిటపటలు, ప్లాస్టిక్కులో పాత చీటీల కాగితం ముక్కలు. డబ్బుల లెక్కలు ఇంకా అధ్వాన్నం. లారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్ అనే ఇద్దరు తమ పాటల హక్కుల కోసం ఆ కంపెనీ మీద దావా వేసి, 2022లో గానీ వాటిని తిరిగి దక్కించుకోలేకపోయారు.

చెల్లీ, ఇప్పుడు నాకు అన్నిటికంటే మనసు మండే సంగతి చెబుతాను. ఈ కథల్లో మగవాళ్ల పేర్లే వినిపిస్తాయి, గమనించావా? డీజే బల్ల వెనక లోరీ బ్రాంచ్ లాంటి ఆడవాళ్లు 80ల మొదట్లోనే ఉన్నారు, వాళ్లను తల్చుకునేవాళ్లు తక్కువ. సరే, అది ఒకటి. కానీ ఆ రాత్రుల్లో జనాన్ని ఏడిపించిన గొంతులు ఎవరివి? ఆడవాళ్లవి. లోలియాటా హాలోవే షికాగో బిడ్డ. అమ్మ నడిపే చర్చి బృందంలో చిన్నప్పుడే పాడింది. 1980లో "లవ్ సెన్సేషన్" పాడింది. 1989లో బ్లాక్ బాక్స్ అనే ఇటలీ బృందం ఆ పాటలోంచి ఆవిడ కేకలు తీసుకుని "రైడ్ ఆన్ టైమ్" చేసింది. బ్రిటన్‌లో ఆరు వారాలు మొదటి స్థానం, ఆ ఏడాది అక్కడ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన పాట. టీవీలో పెదాలు కదిపింది మాత్రం ఒక సన్నటి మోడల్. లోలియాటా గొడవపెడితే డబ్బు ఇచ్చారు, ఆ తర్వాత వేసిన రికార్డుల్లో హీదర్ స్మాల్ అనే ఇంకో గాయని చేత అదే పాట పాడించారు. ఆమె పేరూ వేయలేదు!

మార్తా వాష్ అనే ఇంకో గాయని సంగతి ఇంకా దారుణం. ఆవిడ లావుగా ఉంటుంది. గొంతు వాడుకున్నారు, వీడియోలో వేరే ఆడవాళ్లను నిలబెట్టారు. బ్లాక్ బాక్స్ ఆల్బమ్‌లో అదే జరిగింది, 1990లో సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ పాటలోనూ అదే. మనకు ఒకరు పాడితే ఇంకొకరు పెదాలు కదపడం కొత్తేమీ కాదు. కానీ సుశీలమ్మ పేరు తెర మీద పడుతుంది, రేడియోలో చెబుతారు, తెర మీద ఉన్నావిడ తనే పాడానని ఎక్కడా అనదు. ఇక్కడ అసలు పాడినావిడే లేనట్టు చేశారు. మార్తా ఊరుకోలేదు. కోర్టుకెక్కింది, పరిహారమూ పేరూ సాధించుకుంది. ఇప్పటికీ స్టేజీ ఎక్కి ఆ పాటలు పాడుతోంది. ఆవిడ పాడుతుంటే ముందు వరసలో అరవై ఏళ్ల ఆడవాళ్లు చేతులెత్తి నిలబడతారు, వాళ్లకు తెలుసు ఆ గొంతు ఎవరిదో.

న్యూయార్క్ గురించి చెప్పకపోతే లారీ లెవాన్ మనుషులు నన్ను బతకనివ్వరు. అతను ఊరు వదలనన్నాడని చెప్పాను కదా. కింగ్ స్ట్రీట్‌లో కార్ల గ్యారేజీగా ఉన్న చోట పారడైజ్ గ్యారేజ్ క్లబ్బులో 1987లో మూసేదాకా అతనే రాజు. అక్కడా మందు లేదు. సభ్యత్వం కార్డు ఉండాలి. పళ్లు, కాఫీ ఉచితం. నేల మీద కాలు బాగా జారి తిరగడానికి పసిపిల్లల పౌడరు చల్లుకునేవారట. లారీ పాటలు వేస్తూ వేస్తూ హఠాత్తుగా ఆపి, నిచ్చెనెక్కి పైన వేలాడే అద్దాల బంతి తుడిచేవాడని చెబుతారు. వందలమంది కింద నిలబడి ఎదురుచూసేవారు, ఒక్కరూ విసుక్కునేవారు కాదట. మన పెళ్లిలో బ్యాండువాడు అలా చేస్తే మావయ్య ఊరుకునేవాడా?

కానీ గ్యారేజ్ కథలు చెప్పేవాళ్ల గొంతు ఒకచోట తగ్గుతుంది. ఎయిడ్స్. ఆ ఫ్లోర్ మీద పక్కపక్కన ఆడినవాళ్లు వారం వారం తగ్గిపోయారు. క్లబ్బు యజమాని మైఖేల్ బ్రోడీ దాన్ని మూసిన ఏడాదే అదే జబ్బుతో పోయాడు. గ్యారేజ్‌లో పుట్టినరోజు చేసుకున్న చిత్రకారుడు కీత్ హేరింగ్ 1990లో పోయాడు. లారీ లెవాన్, రాన్ హార్డీ ఇద్దరూ 1992లోనే వెళ్లిపోయారు, నలభై కూడా నిండకుండా. ఈ అభిమానులు పాత ఫొటోలు చూపించేటప్పుడు వేలు ఒక్కొక్క మొహం మీద ఆగుతుంది, కొన్నిటి మీద పేరు చెప్పి ఊరుకుంటారు. అడగకూడదని నాకు ఈపాటికి తెలుసు.

మత్తు సంగతి నువ్వు అడగకముందే చెబుతాను, దాస్తే నువ్వు ఊరుకోవుగా. మందు లేదన్నానంటే అంతా పాలు తాగి ఆడారని కాదు. రకరకాల మాత్రలు, పొడులు ఉండేవి, కొందరి ప్రాణాలూ తీశాయి. రాన్, లారీల ఆరోగ్యం పాడవడంలోనూ వాటి పాత్ర ఉంది. ఈ పాటలు ఇంగ్లండ్ చేరాక ఎక్‌స్టసీ మాత్ర కూడా తోడైంది. 1987 జనవరిలో షికాగో కుర్రాడు స్టీవ్ సిల్క్ హర్లీ పాట "జాక్ యువర్ బాడీ" బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. సొంత దేశంలో మాత్రం క్లబ్బులకు వెళ్లనివాళ్లకు అతనెవరో తెలీదు. లండన్‌లో షూమ్ అనే క్లబ్బు ఒక జిమ్‌లో నడిచేది, స్ట్రాబెర్రీ వాసన పొగ వదిలేవారు. గుమ్మం దగ్గర ఎవరు రావాలో చూసేది డీజే డానీ రాంప్లింగ్ భార్య జెన్నీ. మాంచెస్టర్‌లో హసియెండా. 1997లో మూతపడి, కూలగొట్టి, అదే పేరుతో ఫ్లాట్లు కట్టారు. 2000లో దాని ఇటుకలు, ఫ్లోర్ చెక్కలు వేలం వేస్తే అభిమానులు ఎగబడి కొనుక్కున్నారు. ఆ క్లబ్బుకు డబ్బు పోసిన న్యూ ఆర్డర్ బృందంలోని పీటర్ హుక్ ఆ చెక్కతో బేస్ గిటార్లు చేయించాడు. నాకు ఇంగ్లండ్ కథలు అంత పట్టవు, వాళ్లు ఇటుకలు దాచుకున్న శ్రద్ధ షికాగో కుర్రాళ్లకు డబ్బిచ్చే దగ్గర చూపిస్తే బాగుండేదనిపిస్తుంది. నా పక్షపాతం అనుకో.

మా ఊరు కూడా తన పిల్లల్ని ఆలస్యంగానే గుర్తించింది. 87 ప్రాంతంలో రాత్రంతా నడిచే, మందు అమ్మని జ్యూస్ బార్ల మీద నగరం పగ్గాలు బిగిస్తే చాలా చోట్లు మూతపడ్డాయి. 2004కి వచ్చేసరికి అదే నగరం వేర్‌హౌస్ ఉన్న వీధి ముక్కకు ఫ్రాంకీ నకల్స్ పేరు పెట్టింది. అప్పట్లో రాష్ట్ర సెనేటర్‌గా ఉన్న ఒబామా అందుకు చెయ్యి కలిపాడు. ఫ్రాంకీ 2014లో పోయాడు, 59 ఏళ్లకి, మధుమేహంతో చాలా ఏళ్లు బాధపడి. 2023లో ఆ గోదాము భవనాన్ని నగర వారసత్వ కట్టడంగా ప్రకటించారు. ఆ ముందు ఏడాదే బియాన్సే "రెనసాన్స్" ఆల్బమ్ వచ్చింది కదా, అది మొత్తం ఈ సంగీతానికి పెట్టిన దండమే. మీవాడికి ఈ పిచ్చి అక్కడే అంటుకుని ఉంటుందని నా అనుమానం.

ఈ జనాన్నంతా ఒక్కచోట చూడాలంటే జులై మొదట్లో జాక్సన్ పార్క్‌కి రావాలి. 1977లో వేన్ విలియమ్స్ మొదలుపెట్టిన చోజెన్ ఫ్యూ అనే డీజేల బృందం 1990 నుంచి అక్కడ పిక్నిక్ జరుపుతోంది. మొదట్లో అది వాళ్లలో ఒక కుటుంబం బంధువుల కలయిక, సైన్స్ మ్యూజియం వెనక మాంసం కాల్చుకుని తినడం, అంతే. ఇప్పుడు వేలకొద్దీ జనం. గుడారాలు, మడత కుర్చీలు, కూలర్లు, ఇంటిపేర్లు అచ్చేసిన టీషర్టులు. అమ్మమ్మ, కూతురు, మనవరాలు ఒకే పాటకి ఆడుతుంటారు. ఆ బృందంలో ఒకాయన వారమంతా లాయరు, ఆ రోజు డీజే. మా రిటైరైన పెద్దావిడ పొద్దున్నే వెళ్లి చెట్టు కింద చోటు పట్టేస్తుంది. మోకాళ్ల నొప్పులని సోమవారం నుంచి శుక్రవారం దాకా మూలిగే మనిషి, ఆ రోజు స్టేజీ మీద ఎవరో "యువర్ లవ్" వేయగానే చేతికర్రను కుర్చీకి తగిలించి వెళ్లిపోయింది, నన్ను వస్తువులకు కాపలా పెట్టి.

నువ్వు వేసవికి ఎలాగూ వస్తానంటున్నావు కదా, టికెట్లు జులై నాలుగుకి ముందే దిగేలా చూసుకో. మీవాడినీ తీసుకురా. ఎండ చాలా ఉంటుంది, టోపీ మర్చిపోకు, నూలు చీర వద్దు, చుడిదార్ అయితే ఆడటానికి బాగుంటుంది. పులిహోర నేను కలుపుతాను. ఆవిడకి పోయినసారి తెగ నచ్చింది, ఈసారి డబ్బా పెద్దది తెమ్మని ఇప్పటినుంచే చెబుతోంది.